ఇంటిపేరు లక్ష

ఎవరి కారు చూసినా "ఎంతయిందండీ?" అని అడుగుతారు. నన్ను ఎవరూ అడగరు. వాళ్లే చెప్పేస్తారు. "లక్ష రూపాయల కారు కదండీ!" లక్షన్నది ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర అనీ, టాక్సులూ ఇన్సూరెన్సూ వేరే అనీ కొన్నాళ్లు ఓపిగ్గా వివరించాను. ఆ వివరణతో పరువు పెరగకపోగా, లెక్క చెప్పుకునే మనిషినని పేరొచ్చింది. మానేశాను.

2009లో టాటా నానోకి బుకింగులు పుచ్చుకుని, లాటరీ తీసి మొదటి లక్ష కార్లు కేటాయించారు. మా వంశంలో లాటరీ తగిలింది ఆ ఒక్కసారే. వానలో స్కూటరు మీద తడుస్తూ పోయే కుటుంబాన్ని చూసి రతన్ టాటా ఈ కారు తలపెట్టారని పేపర్లో చదివి, "మనల్నే చూసుంటారు" అంది మా ఆవిడ. ముందు నిలబడే పెద్దవాడు, నేను, వెనకాల ఆవిడ, ఒళ్లో చంటిది. లెక్క సరిపోయింది.

కారు మంచిదే. 624 సీసీ ఇంజిను, చక్రానికి మూడే బోల్టులు, అద్దానికి ఒకటే వైపరు. ఉన్నదొక్కటే కాబట్టి పనిచేసేది. ఇంజిను వెనకాల ఉంటుంది, పెట్రోలు ముందు పోయాలి. బంకు కుర్రాళ్లు మూత కోసం కారు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లు. ఒకసారి నేను ముందు బానెట్ ఎత్తేసరికి లోపల స్టెప్నీ తప్ప ఏమీ కనపడక, "సార్, ఇంజిను ఎవరో ఎత్తుకుపోయారు!" అన్నాడొకడు. పాపం, నిజంగానే జాలిపడ్డాడు.

మా అపార్ట్‌మెంటు కమిటీ జాలి మరో రకం. మూడు మీటర్ల బండి బైకుల పక్కన పట్టేస్తుంది కదా అని నా పార్కింగు జాగా ఇంకొకరికి సర్దారు. మెయింటెనెన్సు మాత్రం పూర్తి కారుకే కట్టించుకున్నారు. అక్కడ మాత్రం నా బండిని ఎవరూ చిన్నచూపు చూడలేదు.

ఇక సంక్రాంతి. మా తోడల్లుడిది ఏడుగురు పట్టే బండి. ఎక్కేది తనొక్కడే. సీటుకి ఏడాది చొప్పున ఏడేళ్ల వాయిదాలు. గోదావరి పక్క మా అత్తవారి ఊళ్లో ఆ బండి తిన్నగా వచ్చి వాకిట్లో ముగ్గు మీద ఆగింది. "ముగ్గుదేముంది, మళ్లీ వేసుకుందాం" అన్నారు మామగారు. నా కారుని మాత్రం, "ఎండ తగులుతుంది అల్లుడుగారూ" అని, పెరట్లో గడ్డిమేటు పక్కన పెట్టించారు. జనవరి ఎండ!

మర్నాడు కోడిపందేల బరికి వెళ్లాలి. పుంతదారి. పెద్ద బండి మలుపు దగ్గర ముందుకీ వెనక్కీ ఆడి చివరికి కొబ్బరిచెట్టుని ఆనుకుంది. మామగారు దిగి నా కారెక్కారు. కూర్చోగానే కండువా ముఖానికి చుట్టుకున్నారు. "దుమ్ము బాబూ" అన్నారు. అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి.

2018 జూన్‌లో నెలంతా కలిపి ఒకే ఒక్క నానో తయారైందని చదివినప్పుడు నాకు ఆ కండువాయే గుర్తొచ్చింది. చౌక కారన్న ముద్రే దెబ్బతీసిందని రతన్ టాటాయే అన్నారు. స్కూటరు దిగేవాడికి కారు కావాలి కానీ, వీడు నిన్ననే స్కూటరు దిగాడని ఊరంతా చాటే కారు ఎందుకు? మన దగ్గర కారు ధర గుట్టుగా ఉండాలి, కారు మాత్రం వీధిలో ఉండాలి. నానోకి ఈ మర్యాద తెలియదు. పుట్టకముందే ధర చెప్పేసుకుంది.

2022లో రతన్ టాటా ముంబయి తాజ్ హోటల్‌కి తెల్ల నానోలో వచ్చిన వీడియో దేశమంతా తిరిగింది. మామగారూ నాకు పంపించి, ఆగలేక ఫోన్ కూడా చేశారు. "ఎంత నిరాడంబరత అల్లుడుగారూ! అంతటివాడు, ఆ కారులో!" ఆయన గొంతు గద్గదమైంది.

అదను చూసి అడిగాను. "అయితే ఈ సంక్రాంతికి మన కారు వాకిట్లోనే పెట్టుకోవచ్చా మామగారూ?"

కాసేపు ఆగారు.

"వాకిట్లో ముగ్గుంటుంది కదా బాబూ" అన్నారు.