మూడు ఖాళీ సీట్ల మహానగరం

రాత్రి తొమ్మిది దాటితే బెంగళూరు మడివాళలో తెలుగు జిల్లాలన్నీ రోడ్డు మీదికొస్తాయి. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, హైదరాబాదు... ఏ బస్సు ఎక్కడ ఆగితే అదే ఆ ఊరు. ఒక్కో బస్సు ముప్పై నలభై మందిని ఎక్కించుకుంటుంది. దాని వెనక ఒక కారు. అందులో ఒక మనిషి, పక్క సీట్లో ఒక లాప్‌టాప్ బ్యాగు. ఆగకుండా హారన్ కొట్టేది ఆ కారే. ఈ బస్సుల వల్లే ట్రాఫిక్ అని తీర్పు చెప్పేదీ ఆ కారే.

బెంగళూరు రోడ్ల రాజ్యాంగంలో మొదటి అధికరణం ఇది: ఎంత తక్కువమందిని మోస్తే అంత ఎక్కువ హక్కు.

దీన్ని సవరించే సాహసం ఒకసారి జరిగింది. 2019 చివర్లో, మడివాళను ఆనుకునే ఉన్న సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్.పురం వైపు, అవుటర్ రింగ్ రోడ్డు మీద ఒక వరుసను బీఎంటీసీ సిటీ బస్సులకు వదిలారు. వెడల్పు మూడున్నర మీటర్లు. హద్దుగా స్తంభాలు పాతారు. తాము కదలకుండా కూర్చుంటే పక్కనుంచి బస్సు వెళ్లిపోవడం కార్లవారికి తీరని అవమానమైంది. బైకులు స్తంభాల మధ్య సందు వెతుక్కున్నాయి. కొన్ని కార్లు స్తంభాలను గుద్ది సందు చేసుకున్నాయి. ఇంతలో కోవిడ్ వచ్చింది, ఆపైన మెట్రో పనులు వచ్చాయి. రోడ్డు ఇరుకయ్యేసరికి మొదట మాయమైంది బస్సుల దారే. ప్రజా రవాణా కోసం త్యాగం చేయాల్సింది ప్రజా రవాణాయేనన్నమాట!

సరే, బస్సు మనకు నామోషీ. కార్లనైనా పంచుకుందామని కొందరు యాప్‌లు పట్టుకున్నారు. 2023లో వాటికీ చిక్కొచ్చింది. తెల్ల నంబరు ప్లేటు సొంత కార్లలో డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించుకుంటే చట్టవిరుద్ధమన్నారు. కార్‌పూలింగ్ మీద నిషేధమేనని ఊరంతా గగ్గోలు పెట్టింది. నిషేధం కాదు, అనుమతి లేకుండా చేయకూడదంతే అని రవాణా మంత్రి రామలింగారెడ్డి వివరణ ఇచ్చుకున్నారు. మడివాళ ఆయన నియోజకవర్గంలోదే. ఒక్కడే కారులో వెళ్లడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలుగురు కలిస్తేనే అనుమానం.

పోనీ, ఒక్కరికంటే ఎక్కువమంది ఉన్న కార్లకే అని కార్‌పూల్ వరుస గీశారనుకోండి. మనవాళ్లు ఊరుకుంటారా? అమెరికాలో అలాంటి వరుసల్లో బట్టల దుకాణం బొమ్మలను పక్క సీట్లో కూర్చోబెట్టి పోలీసులకు దొరికిపోయినవారున్నారు. మన దగ్గరైతే బొమ్మకు పట్టుచీర కట్టి, మల్లెపూలు పెట్టి, సీటు బెల్టు బిగించి, సిల్క్ బోర్డుకు ఇంతకన్నా గౌరవం ఏముందని పోలీసునే ఎదురు అడుగుతారు. జకార్తాలో 1992 నుంచి 2016 దాకా, రద్దీ వేళల్లో కొన్ని రోడ్లపై కారుకు ముగ్గురుండాలనే నియమం ఉండేది. ముగ్గురు లేనివారికి రోడ్డు పక్కన అద్దె ప్రయాణికులు దొరికేవారు. జాకీలనేవారు వాళ్లను. మడివాళ పీజీల్లో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న మన పిల్లలకు ఇదొక చక్కటి ఉపాధి. ‘ముందు సీటులో మూడేళ్ల అనుభవం’ అని రెజ్యూమేలో రాసుకోవచ్చు.

నవ్వుకున్నాం కదా, మిగతా కథ కూడా వినండి. మోసాలు ఎక్కువయ్యాయని 2016లో జకార్తా ఆ నియమాన్ని ఎత్తేసింది. ట్రాఫిక్ మరింత నరకమైంది, ఆ నియమం లేని రోడ్ల మీద కూడా. దొంగ ప్రయాణికులతో కుంటుతూ నడిచిన నియమం కూడా అసలు నియమం లేకపోవడం కంటే నయమని పరిశోధకులు లెక్క తేల్చారు.

మన ఏలికలకు ఇలాంటి చిల్లర లెక్కలు ఆనవు. 2024లో రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా రెండంతస్తుల ఫ్లైఓవర్ ఎక్కాం. ఇక నేల కిందికి దిగడమే మిగిలింది. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డుకు సుమారు 17 కిలోమీటర్ల సొరంగమట, 17 వేల కోట్ల పైమాటేనట. బైకులకు ప్రవేశం లేదట. 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య విప్రో ఆవరణలోంచి వాహనాలకు దారి ఇమ్మని అజీం ప్రేమ్‌జీకి ఉత్తరం రాశారు. అది ప్రైవేటు స్థలం, కుదరదని ఆయన మర్యాదగా బదులిచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. కంపెనీ గేటు తెరవమని అడగ్గలిగిన ప్రభుత్వానికి, కారులోని మూడు ఖాళీ సీట్ల సంగతి అడగడానికి మాత్రం నోరు రాలేదు.

ఇదంతా బెంగళూరు వింతేనని విజయవాడవాళ్లు నవ్వక్కర్లేదు. అక్కడ బస్సుల ప్రత్యేక దారి పథకం పేరుతో బీఆర్‌టీఎస్ రోడ్డు అని ఒకటుంది. పథకం పోయింది, పేరు మిగిలింది. ఇప్పుడది అడ్రసు చెప్పుకోవడానికి పనికొస్తోంది.

నగరంలో వాహనాలు కోటి దాటిపోయాయి. ఆకాశంలో కట్టినా పాతాళంలో తవ్వినా అవి నింపేస్తాయి. అయ్యా, సొరంగానికి వేల కోట్లు వెతికే ముందు, మెట్రో పని ముగియగానే బస్సుకు ఆ మూడున్నర మీటర్లు తిరిగి ఇవ్వండి. ఈసారి హద్దుగా స్తంభాలు పాతి వదిలేయకండి, హద్దును జరిమానాతో గీయండి.