మోటారు ఆఖర్న కొనండి

ఆర్సీ (రిమోట్ కంట్రోల్) కారుతో స్పీడ్ రన్ చెయ్యాలని మోజుపడ్డ కుర్రాళ్లు మొట్టమొదట అడిగేది "ఏ మోటారు వెయ్యమంటారండీ?" అని. ఇప్పుడప్పుడే ఏదీ వద్దు అంటాను. అందరూ చెప్పే వరస మోటారు, బ్యాటరీ, టైర్లు, బాడీ, చిట్టచివర బ్రేకు. దాన్ని తిరగెయ్యండి. బ్రేకుతో మొదలెట్టి మోటారుతో ముగించండి. అన్నాళ్లూ బండితో వచ్చిన మోటారే ఉండనివ్వండి. ఇది తలకిందుల సలహా అనేవాళ్లు ఉన్నారు. మన గోదావరి జిల్లాల రోడ్ల మీద పరిగెత్తే బండికి ఇంతకన్నా మంచి వరస లేదని నా గట్టి నమ్మకం.

గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మీరు ఉలిక్కిపడి వేలు కదిపేలోగా బండి 14 మీటర్లు పోయుంటుంది. ఆ వేగంలో ఉన్న మూడు కిలోల బండి దేన్నైనా గుద్దితే, 39 మీటర్ల ఎత్తు నుంచి, అంటే పదమూడో అంతస్తు నుంచి, పడ్డంత దెబ్బ. అందుకని ముందు ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ తెగితే బండి తనంతట ఆగే ఏర్పాటు, పెట్టండి. బండిని దిమ్మ మీద ఎక్కించి, చక్రాలు గాల్లో తిరుగుతుండగా రిమోట్ ఆపెయ్యండి. చక్రాలు ఆగాలి. కొన్ని రిమోట్ సెట్లలో సిగ్నల్ తెగినా, బండి చివరిసారి ఎంత థ్రాటిల్ ఇచ్చారో అంతే పట్టుకుని కూర్చుంటుంది. అలాంటి బండిని రోడ్డెక్కించడం పాపం. బ్రేకు బలం కూడా తక్కువ శాతం నుంచి పెంచుకుంటూ రండి. ఒక్కసారిగా పట్టేస్తే వెనక చక్రాలు బిగుసుకుని బండి గిర్రున తిరిగిపోతుంది.

రెండోది రోడ్డు. బండి మీద పెట్టే శ్రద్ధలో సగం దీనికే ఇవ్వమంటాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి, వాటి గట్ల మీదే మన రోడ్లు చాలావరకు నడిచాయి. చూడ్డానికి తిన్నగా, పొడుగ్గా నోరూరిస్తాయి. వాటి జోలికి పోకండి. వెడల్పు చాలదు, ఒక పక్క నీళ్లు, పైగా జనం తిరిగే దారి. కిందున్నది నల్లమట్టి. వానాకాలం ఉబ్బి, ఎండాకాలం బీటలిచ్చి రోడ్డును అలలు అలలుగా చేస్తుంది. మోటార్‌సైకిల్ మీద మీకు తెలియని అల, నేలకు ఆరేడు మిల్లీమీటర్ల ఎత్తున్న బండికి గోడే. ఇక సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. బరకాల అంచున రాళ్లు పెడతారు. బరకాలు తీసేశాక కూడా ఆ రాళ్లు కొన్ని అక్కడే ఉండిపోతాయి, గింజలు చెదిరి ఉంటాయి. గింజల మీద ఫోమ్ టైరు జారుతుంది, ఒక గడ్డిపరక పినియన్ (మోటారు ఇరుసు మీది చిన్న గేరు) దగ్గర చుట్టుకుందంటే గేరు పళ్లు పోతాయి. రైతు ధాన్యం ఆరబోసిన చోటికి బండి తీసుకెళ్లే హక్కు ఎవరికీ లేదు.

మరెక్కడ? ఊరి చివర ప్లాట్లు అమ్ముడుపోని లేఅవుట్లు ఎన్ని లేవు! యజమానిని అడిగి, తెల్లారగట్ల, మనుషులూ పశువులూ లేనప్పుడు. పరుగుకు ముందు ఆ దారంతా చీపురుతో నడవండి. పొద్దునపూట మంచు తడి ఉంటే ఆరేదాకా ఆగండి.

టైర్ల దగ్గర పిసినారితనం వద్దు. మామూలు రబ్బరు టైరు వేగం పెరిగేకొద్దీ మధ్యలో ఉబ్బి, సన్నటి చారమ్మటే నేలను తాకుతుంది, చివరికి చిరిగిపోతుంది. లోపల బెల్టు ఉన్నవో, ఫోమ్‌వో కొనండి. ఫోమ్ చక్రాన్ని డ్రిల్లుకు బిగించి నెమ్మదిగా తిప్పుతూ, గరుకు కాగితంతో గుండ్రం చెయ్యండి. తర్వాత వెర్నియర్‌తో కొలవండి. వెనక ఎడమ చక్రం కన్నా కుడి చక్రం ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా బండి పక్కకు లాగుతుంది. ఆఖర్న బయటి అంచు చుట్టూ పల్చటి సూపర్ గ్లూ ఒక వరస పూసి ఆరనివ్వండి. అంచు గట్టిపడితే స్టీరింగు తిప్పినప్పుడు రోడ్డును కరిచిపట్టి బండిని దొర్లించదు, పెచ్చులూడదు.

బరువు తగ్గించకండి. ఛాసిస్‌కు చిల్లులు పొడిచేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. అసలు శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. బరువు వల్ల వేగం అందుకోడానికి దూరం ఎక్కువ పడుతుంది, నిజమే, కానీ గరిష్ఠ వేగం పెద్దగా తగ్గదు. ముక్కు లేచిందా, బండి గాల్లోకి పల్టీ కొడుతుంది. బ్యాటరీని అడుగున పరచండి, ముందువైపు కాస్త సీసం వెయ్యండి, ముక్కు వెనకభాగం కన్నా కిందికి ఉండేలా చూడండి. అమెరికాలో నిక్ కేస్ 2014 అక్టోబరులో యూటాలోని సెయింట్ జార్జ్‌లో గంటకు 325.12 కిలోమీటర్లతో గిన్నిస్ రికార్డు కొట్టిన బండి పేరే "బులెట్". ఆ బండి ఫొటోలు చూసేటప్పుడు మోటారు గురించి ఆరా తీయడం మాని, బాడీ ఆకారాన్ని గంటసేపు చూడండి.

ఇవన్నీ కుదిరాక మోటారు కొనుక్కోండి. ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. 2000 కేవీ (వోల్టుకు నిమిషానికి 2000 చుట్లు) మోటారు, 3 సెల్ బ్యాటరీ అంటే 11.1 వోల్టులు, నిమిషానికి 22,200 చుట్లు. గేరు నిష్పత్తి 6 అయితే చక్రం 3,700 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 80 మిల్లీమీటర్లైతే గంటకు సుమారు 56 కిలోమీటర్లు. రోడ్డు మీద ఇంకా తక్కువే వస్తుంది. ఆ వేగంలో బండి గీత గీసినట్టు పోతేనే సెల్స్ పెంచండి, పినియన్‌కు ఒక్కొక్క పన్నే పెంచండి.

పరుగు అవగానే మోటారు వేడి చూడండి. 80 డిగ్రీలు దాటితే ఒక పన్ను తగ్గించండి. మే నెలలో రాజమండ్రి ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది కాబట్టి ఆ నెలలో మామూలుకన్నా రెండు పళ్లు తక్కువతోనే నడపండి. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కారు డిక్కీలో వదలకండి. చల్లారాక సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచండి. ఉబ్బినదాన్ని మళ్లీ ఛార్జింగుకు పెట్టకండి.