మా బావమరిది రాజ్యాంగం

మా బావమరిదికి ఇంగ్లండులో ఉద్యోగం. డర్హం కౌంటీలో స్పెన్నీమూర్ టౌన్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బుంది, దానికి మేనేజరు. పగలు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుని, రాత్రి భోజనాలయ్యాక కూకట్‌పల్లిలో తన పడగ్గదిలోంచి ఆ క్లబ్బు నడుపుతాడు. జీతం మాత్రం పగటి ఉద్యోగానిదే.

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇందులో బంతిని మీరు తన్నరు. తన్నేవాళ్ళని కొంటారు, అమ్ముతారు, ఎవడెక్కడ నిలబడాలో చెబుతారు, జీతాల దగ్గర బేరమాడతారు, ఓడిపోతే విలేకరులకి సంజాయిషీ ఇచ్చుకుంటారు. పాల్, ఆలివర్ కొల్యర్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఈ ఆట 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ పేరుతో వచ్చింది. 2004 నుంచి ఇప్పటి పేరు. ఆటగాడి పరుగు దగ్గర్నుంచి గుండెధైర్యం దాకా అన్నిటికీ 1 నుంచి 20 వరకు మార్కులుంటాయి. పక్కన కూర్చున్నవాడికి తెరమీద అంకెలు తప్ప ఏమీ కనపడవు. మావాడికి మాత్రం వాన, బురద కనపడతాయి, గ్యాలరీలో తిట్లు కూడా వినపడతాయి.

ఏళ్ళ తరబడి ఆడినవాడికి ఇందులో గెలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. ఏ దేశంలో ఏ కుర్రాడు చవగ్గా దొరుకుతాడో కంఠతా వచ్చేసి ఉంటుంది. గెలిచి గెలిచి విసుగెత్తాక వీళ్ళు తమ కాళ్ళకి తామే సంకెళ్ళు వేసుకుంటారు. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు, తప్పితే జరిమానా లేదు. అయినా వేసుకుంటారు. "రియలిస్టిక్‌గా ఉండాలి బావా" అంటాడు మావాడు. ఈ మాట అనేవాడు హెల్మెట్‌ని బండి అద్దానికి తగిలించి, మెట్రో పిల్లర్ల పక్కన రాంగ్ రూట్‌లో ఇంటికొచ్చే మనిషి.

నియమాలకి ఒక పుస్తకం ఉంది. చిట్‌ఫండ్ వాళ్ళిచ్చిన పాత డైరీ. నాలుగు మూలలా పసుపు. అది మా అత్తగారి పని, ఇంట్లో కొత్త పుస్తకం ఏది కనపడినా ఆవిడ ఊరుకోదు. లోపల ఎర్రసిరాతో మొదటి నియమం: అట్టడుగు నుంచే మొదలుపెట్టవలెను. ఇంగ్లండులో పైనుంచి లెక్కపెడితే ఆరో మెట్టు, నేషనల్ లీగ్ నార్త్. "అనుభవం లేని హైదరాబాదువాడికి మాంచెస్టర్ యునైటెడ్ ఎవడిస్తాడు?" అన్నాడు. సబబే. మరి అనుభవం లేని హైదరాబాదువాడికి ఆరో మెట్టు క్లబ్బు మాత్రం ఎవడిస్తాడని అడిగాను. బ్రెగ్జిట్ పుణ్యమా అని 2021 నుంచి అక్కడి క్లబ్బుల్లో చేరే విదేశీయులకి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం కావాలి. దానికి బోలెడు లెక్క ఉంది. మావాడు రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడోరోజు డైరీలో ఇంకో వాక్యం చేర్చాడు: మేనేజరుగారి తాతగారు అప్పట్లోనే లెస్టర్ వలస వెళ్ళి స్థిరపడినట్టు భావించవలెను. అమెరికా వీసా లాటరీలో ఏటా పేరు రాని మనిషి, ఇంగ్లండు సమస్యని పెన్నుతో తేల్చేశాడు.

ఇదీ అతని పద్ధతి. నియమం ఎన్నడూ తప్పడు. సవరిస్తాడు.

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా అత్తగారికి శనివారం ఒంటిపొద్దు. రాత్రికి అన్నం ముట్టదు. పెసరట్టు తింటుంది, అందులోకి ఉప్మా వేసుకుంటుంది, పొద్దుపోయాక నీరసంగా ఉంటుందని రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు. అన్నం మాత్రం ముట్టదు. ఆ తల్లి కడుపున పుట్టినవాడు "ప్రపంచంలో ఆటగాళ్ళందరినీ వెతకరాదు, మన స్కౌట్లు (ఆటగాళ్ళని వెతికిపెట్టేవాళ్ళు) చెప్పినవాళ్ళనే కొనవలెను" అని రాసుకుని, ఆ కింద "స్కౌటుని ఫలానా ఊరికే వెళ్ళమని చెప్పుట తప్పు కాదు" అని రాసుకోవడంలో వింతేముంది?

స్కౌట్లు చెప్పేదాకా, తెలిసిన కుర్రాణ్ణి కూడా తెలియనట్టు ఉండాలన్న ఆ నియమం దగ్గర మాత్రం మావాడు నిజంగానే బాధపడతాడు. పాతతరం ఆటలో టోంటన్ జోలా ముకోకో, చెర్నో సాంబా అని ఇద్దరు కుర్రాళ్ళుండేవారు. తెరమీద వాళ్ళు ప్రపంచాన్ని ఏలారు, నిజం మైదానంలో అంత ఎత్తుకి వెళ్ళలేదు. టో మదీరా అని ఇంకొకడు గోల్స్ కుప్పలుగా కొట్టేవాడు, తీరా చూస్తే అలాంటి ఆటగాడు భూమ్మీదే లేడు. వివరాలు పంపే మనిషి చొప్పించిన కల్పన. ఈ కథ చెప్పేటప్పుడు మావాడి గొంతు పూడుకుపోతుంది. సొంత పెదనాన్న పోయినప్పుడు ఇంత పూడుకోలేదు.

నాలుగో నియమం అన్నిటికంటే పవిత్రం: ఓడిపోతే ముందు దాచుకున్న పాత సేవ్ తెరిచి మళ్ళీ ఆడరాదు. కరెంటు పోయిన సందర్భము మినహాయింపు. ఒక ఆదివారం నేను టీ తాగుతూ పక్కనే ఉన్నాను. ప్లేఆఫ్ సెమీఫైనల్, 89వ నిమిషం, స్కోరు సమానం. అవతలివాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. మావాడు నావైపు చూశాడు. తర్వాత గుమ్మంవైపు చూశాడు. చూపుడువేలితో పవర్ బటన్ని నొక్కి, తెర నల్లబడేదాకా అలాగే పట్టుకున్నాడు.

"కరెంటు పోయింది బావా."

పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కగదిలో సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారు.

"ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదోయ్?"

"అది వీకయిపోయింది" అన్నాడు, నా కళ్ళలోకి చూడకుండా. ఆ రాత్రి డైరీలో 14(బి) పుట్టింది: బ్యాటరీ బలహీనతను కరెంటు పోవుటగానే పరిగణించవలెను.

ఏ దొంగతనం దొరికినా స్పెయిన్ నుంచి ఒక సాక్షిని తీసుకొస్తాడు. అథ్లెటిక్ బిల్బావో క్లబ్బు బాస్క్ ప్రాంతపు ఆటగాళ్ళతోనే ఆడుతుంది. వందేళ్ళు దాటిన ఆచారం. అలా ఆడుతూ కూడా స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కిందికి దిగలేదు. "నియమమంటే అదీ!" అని కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆ వెంటనే, ఆ ప్రాంతంలో పుట్టకపోయినా అక్కడి అకాడమీల్లో పెరిగితే చాలని వాళ్ళూ పట్టు సడలించారనీ, ఫ్రాన్సులోని అజాన్‌లో పుట్టిన లపోర్ట్ వాళ్ళకి ఆడాడనీ చెబుతాడు. మొదటి సగం భక్తి కోసం, రెండో సగం 14(బి) కోసం.

తొమ్మిదో నియమం వల్ల ఇల్లు గుల్లయ్యేది. బోర్డు పెట్టిన లక్ష్యం తప్పితే వాళ్ళు తీసేసేదాకా ఆగకుండా తనే తప్పుకోవాలి. స్పెన్నీమూర్‌కి ముందు హెరెఫర్డ్‌లో చేసేవాడు. అక్కడ లక్ష్యం తప్పింది. బాల్కనీలో నిలబడి స్నేహితుడికి ఫోన్లో చెబుతున్నాడు: "రాజీనామా ఇచ్చేశాన్రా. బోర్డుకి నమ్మకం పోయాక కుర్చీ పట్టుకుని వేలాడ్డం నా వల్ల కాదు. జీతం తగ్గినా సరే, ఇంకోచోట చూసుకుంటా." లోపల మునక్కాడలు తరుగుతున్న మా అత్తగారు కత్తిపీట పక్కకి జరిపి లేచింది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడుపు కట్టి, వాడికి ఎక్కడో ఒకచోట ఉద్యోగం దొరికితే కుటుంబంతో కొండకొస్తానని మొక్కేసింది. తర్వాత నాకు ఫోను: "అల్లుడుగారూ, ఫ్లాటు వాయిదాలు ఇంకా సగం కూడా తీరలేదు, వాడేమో ఇలా చేశాడు."

నేను వెళ్ళేసరికి మావాడు తల్లికి నచ్చజెబుతున్నాడు.

"అయితే పోయింది ఉత్తుత్తి ఉద్యోగమా?" అందావిడ.

"ఉత్తుత్తి కాదమ్మా, ఆరో డివిజన్."

ఉద్యోగం ఉత్తుత్తిదైనా ముడుపు నిజం. ఆ వారంలోనే స్పెన్నీమూర్ వాళ్ళు పిలిచారు. మొక్కు చెల్లించక తప్పలేదు. డర్హం కౌంటీలో మేనేజరు పోస్టు ఖాళీ అయిన కారణంగా మా కుటుంబమంతా తిరుమల వెళ్ళొచ్చింది. లడ్డూలు పంచుతూ ఇరుగుపొరుగుకి కారణం చెప్పాల్సొచ్చినప్పుడు మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, "ఏదో మొక్కులెండి" అని దాటేసింది. ఫైనల్ మ్యాచ్‌లకి అతను రిసెప్షన్ సూటు తీసి కోటూ టై పైన, నిక్కరు కింద వేసుకుని కూర్చుంటాడని కూడా ఆమె ఎవరికీ చెప్పలేదు. సహనమంటే మా చెల్లెమ్మదే.

నాకు కోపం తెప్పించేది ఇదంతా కాదు. నిజంలా ఉండాలని ఇన్ని రాసుకునే మనిషికి నిజం నచ్చదు. లెస్టర్ సిటీ సంగతి ఎత్తి చూడండి. బుకీలు 5,000కి 1 ఇచ్చిన జట్టు 2015–16లో ప్రీమియర్ లీగ్ గెలిచింది, గెలిపించిన రానియేరిని తొమ్మిది నెలలకే ఇంటికి పంపించారు. రెక్సమ్ వాళ్ళు 2023, 2024, 2025ల్లో వరసగా మూడు మెట్లెక్కి ఐదో డివిజన్ నుంచి రెండోదానికొచ్చారు. మావాడి డైరీలో వరసగా రెండుసార్ల కంటే పైకెళ్ళరాదని ఉంది. వెళితే, ఉన్నవాళ్ళలో మంచివాణ్ణి అమ్మేసి జట్టుని పడగొట్టుకోవాలి. "నా సేవ్‌లో అలా జరిగితే నేను నమ్మను బావా" అన్నాడు, రెక్సమ్‌ని మందలిస్తున్నట్టు.

మన ఊరి నిజం కూడా అంతే. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదులో బడిపంతులు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2–1తో ఓడించి బంగారం తెచ్చింది. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. బడిపంతులికి ఏషియన్ గేమ్స్ బంగారమా? డైరీ ప్రకారం చెల్లదు. ఈ మాట అన్నందుకు మావాడు నాతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడోపూట వచ్చి, రహీం సాబ్ పేరు మీద ఒక మినహాయింపు రాయొచ్చా అని అడిగాడు.

నన్నెందుకు అడగడమంటే, తన సవరణల మీద తనకే అనుమానమొచ్చి, ఇకనుంచి ఏ మినహాయింపుకైనా బయటి మనిషి ఆమోదం కావాలని కొత్త నియమం పెట్టుకున్నాడు. ఆ బయటి మనిషిని నేను. అర్ధరాత్రి ఫోన్లొస్తాయి. "బావా, గోల్‌కీపర్‌కి కాలు విరిగింది, అరువుకి ఇంకొకణ్ణి తెచ్చుకోనా?" మొదట్లో నిద్రమత్తులో సరే అనేసేవాణ్ణి. ఇప్పుడలా కాదు. లేచి కూర్చుంటాను, రెండో గోల్‌కీపర్ వయసెంత, అతనికెన్ని మార్కులు, జీతాల్లో ఎంత మిగిలింది అని ఆరా తీస్తాను. మొన్న ఈ గోల్‌కీపర్ అభ్యర్థనని కొట్టేశాను కూడా. మా ఆవిడ దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు సాయంత్రం బావమరిది మా గుమ్మంలో ఉన్నాడు, చేతిలో నూనె మరకల కాగితం పొట్లంతో. మిరపకాయ బజ్జీలు.

"ఇది లంచం కదోయ్. నీ రియలిజం ఏమైంది?"

"ఫుట్‌బాల్లో ఏజెంట్లకిచ్చేదాన్ని ఏమంటారనుకున్నావు? ఇంతకంటే రియలిస్టిక్ ఏముంటుంది?" అన్నాడు.

ఆలోచిస్తే నిజమే. జనవరిదాకా గోల్‌కీపర్‌ని అరువుకి ఉంచుకోవచ్చని డైరీలో సంతకం పెట్టాను. జనవరి తర్వాత పొడిగింపు కావాలంటే రెండు పొట్లాలనీ, ఉల్లిపాయ ముక్కలు విడిగా కట్టించాలనీ సంతకం కింద నేనే రాశాను.