మా ఫ్రెండుకండీ...

రోగం ఒకరిది, మందుల ఖర్చు ఇంకొకరిది. ఇంతటి త్యాగమూర్తి ఈ రోజుల్లో ఎక్కడున్నాడండీ అంటారా? రాత్రి ఎనిమిది దాటాక ఏ ఊళ్లోనైనా మందుల షాపు దగ్గర నిలబడండి. నలభై పైబడిన పెద్దమనిషి ఒకాయన వస్తాడు. ముందు క్రోసిన్ అడుగుతాడు. తర్వాత జండూబామ్. పక్కన ఆడవాళ్లెవరైనా ఉంటే దూది కూడా కొంటాడు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొంటాడు, వాళ్లు ఇంకా కదలకపోతే పసిపిల్లలే లేని ఇంటికి గ్రైప్ వాటర్ కొంటాడు. కౌంటరు ఖాళీ అయ్యాక ముందుకి వంగి, గొంతు తగ్గించి, "మా ఫ్రెండుకండీ..." అంటాడు.

ఆ ఫ్రెండుని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పెళ్లికి రాడు, పేరంటానికి రాడు, పాపం అప్పు కూడా అడగడు. ఆస్తంతా రోగాలే. అవి కూడా నడుముకి కిందా, మోకాళ్లకి పైనా.

ఇరవై ఏళ్ల వయసులో ఈ ఫ్రెండుకి నిద్రలో లుంగీ తడిసేది. ఆ వయసులో అది మామూలేరా అని చెప్పేవాడు లేడు. 40 చుక్కల రక్తం ఖర్చయితే గానీ ఒక చుక్క వీర్యం తయారవదని చెప్పేవాడు మాత్రం హాస్టల్లో గదికొకడున్నాడు. మన వాడు లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే, ఈ ఒక్క లెక్కా వేసుకోలేదు. ఒక్కసారికి పోయేది చెంచాడు లోపే. 3 మిల్లీలీటర్లనుకుందాం. మిల్లీలీటరుకి 20 చుక్కల చొప్పున 60 చుక్కలు. ఒక్కోదానికి 40 అంటే 2,400 చుక్కల రక్తం, అంటే 120 మిల్లీలీటర్లు. మూడు రాత్రుల్లో బ్లడ్ బ్యాంకు వాళ్ల 350 మిల్లీలీటర్ల సంచి నిండి, పైన కాస్త పొర్లుతుంది కూడా. ఆ లెక్కన మన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్లు మొదటి సెమిస్టరు లోపే ఖాళీ అయిపోవాలి.

ఈ భయానికి 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ఆయన మానసిక వైద్యుడు. నీరసం, నిద్రపట్టకపోవడం, గుండె దడ అన్నీ నిజంగానే ఉంటాయి. అవి వచ్చేది బయటికి పోయినదాని వల్ల కాదు, లోపల పెట్టుకున్నదాని వల్ల.

'స్వాతి' వారపత్రికలో డాక్టర్ సమరం గారు ఇలాంటి ప్రశ్నలకి ఏళ్ల తరబడి విసుక్కోకుండా జవాబులు రాశారు. మన వాడు ఆ పేజీ వదలకుండా చదివేవాడు, ఎవరైనా గదిలోకి వస్తే తిప్పేయడానికి సీరియల్ పేజీలో ఒక వేలు పెట్టుకుని. చదివాడు గానీ నమ్మలేదు. రైలు కిటికీలోంచి కనబడే గోడని నమ్మాడు. నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, ప్రతినెలా ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో! లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకి ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. చట్టానికి డెబ్బై ఏళ్లు దాటాయి. గోడకి మాత్రం ఏటా కొత్త సున్నం పడుతూనే ఉంది. ఆ లాడ్జి వైద్యుడు నాడి పట్టుకుని "చాలా ఆలస్యంగా వచ్చారు" అంటాడు. ఎవరు ఎప్పుడెళ్లినా ఆయన దగ్గర ఆలస్యమే.

ఇక కొలతల బెంగ. లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలు పోగేసి, 15,521 మంది మగవాళ్ల కొలతలు కలిపి 2015లో అచ్చు వేశారు. నిక్కబొడుచుకున్నప్పుడు సగటు 13.12 సెంటీమీటర్లట. ఈ అంకె మన వాడి చెవిన వేయకండి. పిల్లల జామెట్రీ బాక్సులో స్కేలు మాయమవుతుంది.

పెళ్లయ్యాక ఫ్రెండుకి గజ్జల్లో దురద పట్టుకుంది. "వేడి చేసిందట" అన్నాడు మన వాడు. సబ్జా గింజలు నానబెట్టారు, బార్లీ కాచారు. తామర వాటిని లెక్కచేయలేదు. షాపు కుర్రాడు ఒక ట్యూబు ఇచ్చాడు. అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుందని ఇతనడగలేదు, అతను చెప్పలేదు. రెండ్రోజుల్లో దురద పోయింది. రాయడం మానగానే మళ్లీ వచ్చింది, ఈసారి తొడలు కూడా కలుపుకుని. అప్పటికి చర్మం డాక్టరు దగ్గరికి బయల్దేరాడు. తీరా చూస్తే డాక్టరు ఆవిడ! గుమ్మం దాకా వెళ్లి ఉత్తచేతులతో రావడం బాగుండదని, మోచేతి మీది పుట్టుమచ్చ చూపించి, ఫీజు ఇచ్చి వచ్చేశాడు.

ఒక్క విషయంలో మాత్రం ఈ ఫ్రెండుని తలుచుకుంటే నాకు నవ్వు రాదు. కుర్రాడికి ఉన్నట్టుండి ఒకపక్క వృషణంలో భరించలేని నొప్పి వస్తుంది. క్రికెట్ బంతి తగిలిందని ఇంట్లో అబద్ధం చెబుతాడు, తెల్లారాక చూద్దామనుకుంటాడు. అది మెలిపడి ఉంటే ఆరు గంటల్లోగా ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి. ఆ తర్వాత గంట గంటకీ అది దక్కే ఆశ తగ్గిపోతుంది. ఆ రాత్రి సిగ్గుపడటానికి టైము లేదు.

సరే, మన వాడి దగ్గరికొద్దాం. సొంత ఊళ్లో మంచి డాక్టరున్నాడు, కానీ అక్కడి కాంపౌండరు పిన్నికొడుకు. అందుకని గుంటూరు ఫ్రెండు విజయవాడ వెళ్తాడు, విజయవాడ ఫ్రెండు గుంటూరు వస్తాడు. ఏ మంగళగిరి దగ్గరో రెండు బస్సులూ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఇంత చేసీ యూరాలజిస్టు దగ్గర బెంచీ మీద పక్కింటాయనే కనబడతాడు.

"మీరేంటిక్కడ?"

"కిడ్నీలో రాయండీ. మీరు?"

"నాకూ రాయేనండీ."

మగవాడికి పరువైన రోగమంటే కిడ్నీలో రాయే. పెళ్లిపందిట్లో వియ్యాలవారి ముందు కూడా అది ఎన్ని ఎం.ఎం.లో చెప్పుకోవచ్చు. ఆ హాల్లో కూర్చున్న మగవాళ్లందరివీ రాళ్లే. కలిపితే చిన్న కల్వర్టు కట్టొచ్చు.

చివరికి లోపలికెళ్లాడు.

"మా ఫ్రెండుకండీ... ఈ మధ్య... అంటే... ఇదివరకట్లా లేదంట."

"వయసు?"

"నలభై తొమ్మిది. నాకన్నా ఏడాది చిన్న."

"రాత్రి ఒంటేలుకి ఎన్నిసార్లు లేస్తారు?"

"మూడుసార్లండీ. నాలుగోసారి లైటేస్తే మా ఆవిడ తిడుతుంది."

డాక్టరు తల ఎత్తలేదు. రాసుకుంటూనే, "మీ ఫ్రెండు మాత్రలేమైనా వాడారా?" అన్నాడు. వాడాడు. ఆఫీసులో ఎవరో ఇచ్చిన నీలం మాత్ర. అందులో ఉండే సిల్డెనాఫిల్ అసలు గుండెనొప్పి కోసమని పరీక్షించిన మందు. ఆ పరీక్షల్లో ఇంకో గుణం బయటపడి, 1998లో అమెరికాలో వయాగ్రాగా అనుమతి తెచ్చుకుంది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాడు దీన్ని కూడా వేసుకుంటే బీపీ ప్రాణం మీదికి తెచ్చేంతగా పడిపోతుంది. అడిగితీసుకున్న మాత్ర మీద అదంతా రాసి ఉండదు.

"అక్కడి రక్తనాళం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండెవి మూడు నాలుగు" అన్నాడు డాక్టరు. "కాలవలో పూడిక పడితే శివారు పొలానికే కదా ముందు నీళ్లందనిది? షుగరో, బీపీయో, కొవ్వో చూడాలి. ఫ్రెండు రాలేదు కాబట్టి, ఆయన వయసూ ఆయన బరువూ ఉన్న మనిషి దొరికితే పరీక్షలు చేసి ఒక అంచనా వేస్తాను."

మన వాడు కాసేపు ఆలోచించి, "నేను పనికొస్తానేమోనండీ" అన్నాడు.

ల్యాబులో పేరడిగితే నోటికొచ్చిన పేరు చెప్పాడు, ఇంటిపేరుతో సహా. పరగడుపు షుగరు 212 వచ్చింది. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచాడు. ఉతికే ముందు జేబులు చూసే అలవాటున్న ఇల్లాలి చేతిలో అది పడింది.

"ఏవండీ, ఎవరిదిది?"

"మా ఫ్రెండుదే."

ఆవిడ టెస్టోస్టిరాన్ ఉన్న రెండో పేజీ కూడా సాంతం చదివింది. మళ్లీ నాలుగు మడతలూ పెట్టి ఆయన చేతికిచ్చింది.

"పాపం! రేపట్నుంచి రాత్రిపూట ఆయనకి అన్నం లేదు, రెండు పుల్కాలే. కాఫీలో పంచదార కూడా వేయను. పొద్దున్నే ఐదున్నరకి వాకింగుకి లేపుతానని చెప్పండి ఆయనతో."