మూడో అర

నేను గోధుమరంగు రెగ్జిన్ సంచిని. హనుమకొండలో ఒక లెక్కల టీచరమ్మ భుజాన ఉంటాను. నా మొదటి అరలో దిద్దాల్సిన పేపర్లు, రెండోదాంట్లో టిఫిన్ డబ్బా. మూడో అర జిప్పు ఆమె తప్ప ఎవరూ తీయరు. లోదుస్తులు, మడతపెట్టిన సల్వారు, నల్ల కవరు, సబ్బు ముక్క, ఓఆర్‌ఎస్ పొట్లం, మరుగుదొడ్డి దగ్గర ఇవ్వడానికి చిల్లర, మెసలమిన్ మాత్రలు అందులోనే ఉంటాయి.

ఆమెకున్నది అల్సరేటివ్ కొలైటిస్. మనవాళ్ళు పేగుపూత అంటారు. రోగనిరోధక శక్తి దారితప్పి పెద్దపేగు లోపలి పొర మీదే పడుతుంది. ఆ పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు పోతుంది. అంటుకునే జబ్బు కాదు. మొదట మొలలన్నారు, తర్వాత అమీబా అన్నారు. కొలనోస్కోపీ చేసి, ముక్క తీసి పరీక్షించాకే అసలు సంగతి తెలిసింది.

జబ్బు రేగిన రోజుల్లో కడుపు మెలిపెట్టిందంటే నిమిషాల్లో మరుగుదొడ్డికి చేరాలి. అందుకే హైదరాబాద్ పనిబడితే బస్సు మాని కాజీపేటలో రైలెక్కుతుంది. బస్టాండు మరుగుదొడ్లు చాలావాటిలో నన్ను తగిలించడానికి మేకు కూడా ఉండదు. తడి నేలమీద పెట్టలేక మెడకు వేసుకుని కూర్చుంటుంది. ఒక్క కొక్కెం కొట్టించడానికి ఎంతవుతుంది?

స్టెరాయిడ్లు వాడిన కాలం తలుచుకుంటే నాకు మరీ బాధ. ఆమె మొహం ఉబ్బింది. ఒక పెళ్ళిలో "ఒళ్ళు చేశావు వదినా, ఇప్పుడు బాగున్నావు" అన్నారు. రక్తం తగ్గి మెట్లెక్కలేకపోతున్న రోజులవి! ఆ మాత్రలు ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించింది. మెసలమిన్ మాత్రం కడుపు నెమ్మదించాక కూడా వదల్లేదు. బాగుంది కదా అని మానేస్తే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. అత్తగారు కూడా ఇప్పుడు ఆవకాయ వేసుకొమ్మని బలవంతపెట్టరు. కడుపు బాగాలేని రోజు అన్నం మెత్తగా వండి, పెరుగు కలిపి పెడతారు.

మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మూడు గంటలు గది వదలకూడదు. ఆమె చీఫ్ సూపరింటెండెంట్ గారి బల్లమీద నన్ను పెట్టి, "సార్, నాకు పేగుపూత ఉంది. మధ్యలో బయటికి వెళ్ళాల్సి రావచ్చు, రిలీవరు కావాలి" అంది. గొంతు తగ్గించలేదు. ఆయన మరుగుదొడ్లకు దగ్గరి గది వేశారు. "రిలీవరును పంపుతాను మేడం, కబురు చేయండి చాలు" అన్నారు.

సంచులు గదిలోకి రానివ్వరు. నేను ఆఫీసు బీరువా పక్కన ఉన్నాను. మధ్యలో ఒకసారి వచ్చి నన్ను తీసుకెళ్ళింది. పని చూసుకుని, నన్ను మళ్ళీ అక్కడే పెట్టి, పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.