అలక బండి

పాత బండిని బాగు చేయించాలా, విప్పి ముక్కలుగా అమ్ముకోవాలా అని ఏళ్ల తరబడి ఆలోచించేవాడికి ఒక సుఖం ఉంది. ఈలోగా దాన్ని తుడవక్కర్లేదు. ఆ సుఖాన్ని నేను నిండుగా అనుభవిస్తున్నాను. విజయవాడలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో, లిఫ్టు పక్కన, టార్పాలిన్ కింద మా యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. పనమ్మాయి దాని హ్యాండిల్ మీద తడిగుడ్డలు ఆరేస్తుంది. వాచ్‌మన్ పెంచే పిల్లి కాన్పులన్నీ దాని కిందే. అసోసియేషన్ సెక్రటరీగారు కనబడితే "బాగున్నారా" అనడం మానేసి, "బండి సంగతేంటి సార్" అంటున్నారు.

ఇది అలకపాన్పు మీద సంపాదించిన ఆస్తి. 1990లో మా పెళ్లప్పుడు పెద్దలు నన్ను పాన్పు మీద కూర్చోబెట్టి ముఖం ముడుచుకోమన్నారు. ఆ విద్య నాకు పుట్టుకతోనే వచ్చు. మామగారు బండి కొనిస్తానన్నాకే లేచాను. ఈ ముచ్చట చెప్తే మా అమ్మాయి నవ్వదు. "అది కట్నమే నాన్నా. 1961 నుంచీ నేరం" అంటుంది. మైసూరు ఫ్యాక్టరీలో ఈ కంపెనీ బళ్లు తయారవడం మొదలైంది కూడా సరిగ్గా 1961లోనే అని చెప్పి మాట మార్చేస్తాను. చట్టమూ బండీ ఒకే ఈడువి. మా ఇంటికి మాత్రం బండి ఒక్కటే వచ్చింది.

ఆ ఫ్యాక్టరీ గురించి గంటసేపు మాట్లాడగలను. ఇంటికొచ్చిన చుట్టాలు అందుకే కాఫీ తాగీ తాగకుండానే లేస్తారు. మైసూరు యాదవగిరిలో ఐడియల్ జావా కంపెనీ, 1973 నుంచి జావా పేరు పోయి యెజ్డీ కావడం, 1978లో రోడ్‌కింగ్, 1996లో ఫ్యాక్టరీకి తాళం. సిలిండరు ఒకటే, సైలెన్సర్లు రెండు. ఎందుకని అడక్కండి, అందం. అసలు చోద్యం ఎడమ పక్కనున్న రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే అది కిక్కు. ఇంజను అందుకున్నాక ముందుకు దించితే అదే గేరు. తన్నడంలో కాస్త తేడా వస్తే అది మనల్ని తిరిగి తన్నేది. నా కుడి పిక్క మీద ఇప్పటికీ ఒక గుర్తుంది. ఎడమ పక్క రాడ్డుకి కుడి పిక్క ఎలా దొరికిందంటే, నేను బండి దిగి, పక్కన నిలబడి తన్నేవాణ్ణి. స్టాండు వేసి ఎక్కి కూర్చుని తన్నే ధైర్యం నాకు లేదు.

"యవ్వనమంతా దీని మీదే గడిచింది, ఎలా అమ్మను?" అని ఓ రోజు గొంతు బొంగురు చేసుకుని అన్నాను. మా ఆవిడ గోరుచిక్కుళ్లు తుంచుతోంది. తలెత్తలేదు.

"మీరడిగింది యమహా ఆర్‌ఎక్స్ 100 కదండీ. ఈ బండి చూసి మళ్లీ రెండ్రోజులు అలిగారు."

నిజమే. నూరు సీసీ యమహా కావాలని నేనంటే, అంత చిన్న బండి అల్లుడి హోదాకు తగదని మామగారు రెండువందల యాభై సీసీది తెచ్చారు. పైగా బరువెక్కువ, దొంగలు ఎత్తుకుపోలేరని ఆయన లెక్క. ఆ లెక్క తప్పలేదు. దాన్ని ఇంతవరకు ఎవరూ ఎత్తుకుపోలేదు.

"పోనీ, మీ నాన్నగారి గుర్తు కదా?" అన్నాను. ఇదే నా ఆఖరి అస్త్రం.

"మా నాన్న ఇచ్చిన బీరువా తూకానికి వేసినప్పుడు ఈ గుర్తు ఏమైందో."

అంతటితో సెంటిమెంటు పద్దు మూసేసి లెక్కల్లోకి దిగాను. ఆటోనగర్‌లో జావాలు, యెజ్డీలు మాత్రమే ముట్టుకునే పెద్దాయన ఒకరున్నారు. ట్రాలీ ఆటోలో బండి వేసుకుని వెళ్లాను. ఆయన టార్పాలిన్ తీసి చాలాసేపు ఏమీ అనలేదు. ట్యాంకు మూత తిప్పి లోపలికి టార్చి కొట్టి, నన్ను కూడా చూడమన్నారు. అడుగున ఎర్రటి పొడి, పైన పొరలు పొరలుగా తుప్పు, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు వాసన.

"పెట్రోలు పోయకుండా వదిలేశారా, పోసి వదిలేశారా గురువుగారూ?"

"పోసే."

ఆయన టార్చి ఆర్పేసి లెక్క చెప్పారు. క్రాంకు విప్పి కొత్త కనెక్టింగ్ రాడ్డు వేసి ప్రెస్ చేయించాలి. బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. ఆయిల్ సీళ్లు, వైరింగు, టైర్లు, పెయింటు. ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కాబట్టి కార్బురేటరులో పాత రబ్బరు వాషర్లు ఆగవు, అవీ మార్చాలి. మొత్తం లక్ష దాటుతుంది. ఆ మీద రవాణా ఆఫీసు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్, అదీ ఐదేళ్లకే. గ్రీన్ ట్యాక్సు, ఆలస్య రుసుము వేరు.

"విప్పి అమ్మితే?"

ఈ మాట బండి వినకూడదన్నట్టు అటు తిరిగి నెమ్మదిగా అడిగాను. దానికీ ఆయన దగ్గర లెక్కుంది. ట్యాంకు, హెడ్‌లైటు, సైలెన్సర్ల జత, పక్క డబ్బాలు, కిక్కు రాడ్డు హాట్ కేకులు కాకపోయినా వేడి గారెల్లా పోతాయి. ఎవడూ కొననిది చాసిస్. "ఆఖరికి చాసిస్సూ మీరూ మిగుల్తారు" అన్నారాయన. ఇంకో చిత్రం కూడా చెప్పారు. బండి వద్దు, సీ బుక్కు ఒక్కటే కావాలనేవాళ్లు ఉంటారట. కాగితాల్లేని ఇంకో బండికి నా బండి నెంబరు తగిలించడానికి. ఇనుముకంటే కాగితానికే గిరాకీ. అది జైలు దారి అని ఆయనే హెచ్చరించారు. బండిని పూర్తిగా తుక్కు చేస్తే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం కూడా చెప్తోంది. మనిషి పోయినా, బండి పోయినా ఆఫీసులో చెప్పి రావాల్సిందే.

అప్పటికి జులై దగ్గరపడింది. ఏటా జులై రెండో ఆదివారం జావా, యెజ్డీల వాళ్లు ఊరూరా కలిసి బళ్లన్నీ వరసగా తోలుకెళ్తారు. నేనూ ఏటా వెళ్తాను, మా ఆవిడ స్కూటీ మీద. అందరూ నన్ను ఆప్యాయంగానే పలకరిస్తారు. "మీది ఎప్పుడు సార్?" అంటారు. "ఇంజను పని నడుస్తోంది" అంటాను. ఈ ఒక్క మాట మీద ఆ గుంపులో నాకు సభ్యత్వం నిలుస్తోంది. బాగు చేయిస్తే నడిపి చూపించాలి. అమ్మేస్తే వెళ్లడానికి మొహం ఉండదు. తేల్చకుండా ఉంటేనే నేను యెజ్డీ ఓనరుని. ఇది మా ఆవిడకు నాకంటే ముందే తెలుసు. "మీకు బండి కాదు, బండి గురించి చెప్పుకోవడం కావాలి" అంది. పైగా నా మోకాలి ఎక్సరే గోడకి తగిలించి ఉంది, దాన్నీ ఓసారి చూసుకుని మాట్లాడమంది.

పౌరుషం వచ్చింది. పిస్టనుకి మాత్రం డబ్బు చాల్లేదు. అందుకని ఎవరికీ చెప్పకుండా సైలెన్సర్ల జత విప్పించి ఆటోనగర్‌లోనే ఒక పాత స్పేర్ల కొట్లో అమ్మాను. ఎడమదానికి సొట్ట ఉందని ధర తెగ్గోశాడు. మా బావమరిది బండి నేర్చుకుంటూ బందరు కాలవ గట్టు రాయికి కొట్టిన సొట్ట అది. ఆ డబ్బుతో పిస్టను వచ్చింది, బోరు అయింది, ఇంజను బిగించారు. పెద్దాయన నుదురు తుడుచుకుని, "సైలెన్సర్లు తెండి గురువుగారూ, స్టార్ట్ చేద్దాం" అన్నారు.

మళ్లీ అదే కొట్టుకు వెళ్లాను. మేకుకి రెండు సైలెన్సర్లు వేలాడుతున్నాయి. కొత్త నికెల్ పూతతో ధగధగలాడుతున్నాయి. ఎడమదానికి సొట్ట మాత్రం అలాగే ఉంది. అతను చెప్పిన ధర, నాకిచ్చినదానికి మూడింతలు. ఇవి నావేనయ్యా, మా బావమరిది కొట్టిన సొట్ట ఇదిగో, నా బండికే కావాలి అని బతిమాలాను. ఆ కుర్రాడు సొట్టను ఓసారి తడిమి చూశాడు, నా మొహం చూశాడు.

"అయితే మీకు తప్పనిసరన్నమాట సార్" అని ఇంకో ఐదొందలు పెంచాడు.