తలుపుచీటి పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

మంచుదారిలో జారని మహిమ వలయు,
పడవ వెనుగట్టి లాగెడు బలము వలయు,
తోలుపీఠాల వెచ్చని తోడు వలయు,
తలుపుచీటినిఁ జదువక తగునె కొనఁగ!

అవతారిక

ఈ తేటగీతి ఎవరు చెప్పారో తెలియదు. ఊరు మాత్రం డెన్వరు అని పద్యమే ఒప్పుకుంటోంది. మంచు, పడవ, తోలుసీటు మూడింటినీ ఒక్క ఊపిరిలో అడగగలిగేది రాకీ కొండల పాదాన ఇల్లు కొనుక్కున్న తెలుగువాడు. మినియాపోలిస్ కవి అయితే ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రంతా ప్లగ్గుకు తగిలించి ఉంచే హీటరు కూడా అడిగి ఉండేవాడు. హ్యూస్టన్ కవికి మొదటి పాదమే అక్కర్లేదు. సందర్భం ఇది: కవిగారికి పాత కామ్రీ ఉంది. జనవరిలో గుంటూరు నుంచి వచ్చిన అత్తమామలకు మంచు చూపిస్తానని కొండల్లోని బ్రెకెన్‌రిడ్జ్‌కు బయల్దేరదీశాడు. కొండ ఎక్కుతుండగా కామ్రీ ముందుకు పోనని మొరాయించింది. మామగారు ఏమీ అనలేదు. అత్తగారు, "మన ఊళ్లో ట్రాక్టరు అయితే ఎక్కేసేది బాబూ" అన్నారు. ఆ మాట నుంచి పుట్టిన పద్యమని సంప్రదాయం.

ప్రతిపదార్థం

మంచుదారిలోన్ = నవంబరు మొదలు ఏప్రిల్ దాకా ఐ-70 అనబడు కొండదారిలో; జారని = పక్కకు పోని, వెనక్కు రాని, ముఖ్యంగా ఆగమంటే ఆగే; మహిమ = శక్తి; వలయున్ = కావలెను (నెల వాయిదా ఎంతైనా సరే అని శేషం); పడవన్ = పడవను; వెనుగట్టి = వెనుక హిచ్ అనే కొక్కేనికి తగిలించి; లాగెడు బలము = ఈడ్చుకుపోగల సత్తా; వలయున్ = కావలెను; తోలుపీఠాల = తోలుసీట్ల యొక్క; వెచ్చని తోడు = వెచ్చని సాంగత్యం; వలయున్ = కావలెను (ఇది ఇంటావిడ మాట అని కొందరు, కవిదే అని ఇంటావిడ); తలుపుచీటినిన్ = డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద అంటించి ఉండే కాగితాన్ని; చదువక = చదవకుండా; కొనఁగన్ = కొనడానికి; తగునె = తగునా? తగదు.

తాత్పర్యం

మంచులో జారకూడదు, పడవను లాగాలి, కూర్చుంటే వెచ్చగా ఉండాలి. ఇన్ని అడిగేవాడు డీలరు దగ్గర సంతకం పెట్టే ముందు తలుపు తెరిచి చూడాలి కదా అని భావం.

మొదటి పాదం మీద వ్యాఖ్య

'మహిమ' అనేది ఏమిటని వ్యాఖ్యాతలు రెండు మతాలుగా చీలారు.

పూర్వపక్షం డీలర్లది. మహిమ అనగా ఆల్ వీల్ డ్రైవ్. దాన్నే ఆడీవారు క్వాట్రో అనీ, బీఎండబ్ల్యూవారు ఎక్స్‌డ్రైవ్ అనీ, మెర్సిడెస్‌వారు 4మ్యాటిక్ అనీ కొలుస్తారు. ప్రమాణం అడిగితే 1986 నాటి ఆడీ ప్రకటన చూపిస్తారు. ఫిన్లాండులోని కైపోలాలో, స్కీ కట్టుకుని దూకేవాళ్ల కోసం కట్టిన మంచువాలు ఒకటుంది. మనిషి కిందికి జారడానికి కట్టిన దాన్ని ఆడీ 100 క్వాట్రో కిందినుంచి పైకి ఎక్కేసింది. నడిపినవాడు హరాల్డ్ డెముత్ అనే ర్యాలీ డ్రైవరు. కంటికి కనబడుతున్నదాన్ని కాదనడానికి లేదు. అయితే ఆ కారు టైర్లకు ఇనుప మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. ప్రకటన చూసినవాడికి క్వాట్రో గుర్తుంది, మేకులు గుర్తులేవు.

ఇక సిద్ధాంతం. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పంపడం బయల్దేరడానికీ ఎక్కడానికీ ఉపకరిస్తుంది. ఆగడానికి కాదు. బ్రేకులంటారా, కవిగారి పాత కామ్రీకి కూడా నాలుగు చక్రాలకే ఉన్నాయి. పైగా కొత్త బండి దానికంటే ఎంతో బరువైనది. కొండ ఎక్కించిన ధైర్యమే దిగేటప్పుడు కాలిని యాక్సిలరేటరు మీద ఉంచుతుంది. తొలిమంచు పడిన రోజు రోడ్డు పక్క గుంటల్లో దిగబడ్డ బండ్లను చూడండి, ఖరీదైన ఎస్‌యూవీలు వాటిలో తక్కువేం ఉండవు.

కాబట్టి మహిమ అనగా రబ్బరు. మామూలు టైరు రబ్బరు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే బిర్రబిగిసి పట్టు వదులుతుంది. చలికాలపు టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దానికి గుర్తు, టైరు పక్కన మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు. 'ఎం+ఎస్' అని మాత్రమే ఉంటే అది గాడి ఆకారం చూసి కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న బిరుదు. కొండ గుర్తు మాత్రం మంచు మీద పరీక్ష పెట్టాక వచ్చేది. ఆ పరీక్ష కూడా ముందుకు లాగే పట్టును కొలుస్తుందే గాని గడ్డకట్టిన మంచు మీద ఆగడాన్ని కాదు. శాస్త్రంలోనూ ఆగడానికి దిక్కు తక్కువ.

ధర్మశాస్త్రం ఏమంటుందో కూడా చూద్దాం. కొలరాడోలో సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా, మోరిసన్‌కూ డాట్సెరోకూ మధ్య ఐ-70 మీద, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండికి సైతం టైరు గాడి లోతు అంగుళంలో 3/16 వంతు ఉండితీరాలి. కెనడాలో క్విబెక్ ఇంకా నిక్కచ్చి: డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు తప్పనిసరి. మాది క్వాట్రో అంటే అక్కడ చెల్లదు.

ఇక్కడే సొగసు అడ్డుపడుతుంది. షోరూములో మెరిసే బండికి 21 అంగుళాల చక్రాలు, కొన్నిటికి 22. టైరు గోడ అరంగుళం తక్కువగా కనిపిస్తే అందమట. ఆ గోడ పలచనయ్యేకొద్దీ మంచు కింద దాగిన గుంత తగిలి రిమ్ము వంగుతుంది, ఆ కొలతలో చలికాలపు టైరు ఖరీదుకూ రెక్కలొస్తాయి. కొన్ని స్పోర్టు ప్యాకేజీల్లో అయితే ఏకంగా వేసవి టైర్లు వేసి ఇస్తారు. వాటిని గడ్డకట్టే చలిలో నడిపితే రబ్బరు చిట్లవచ్చని తయారుచేసినవాళ్లే హెచ్చరిస్తారు. కొనేటప్పుడే 19 అంగుళాల చక్రాలు అడిగి, మిగిలిన డబ్బుతో రెండో జత చలికాలపు టైర్లు రిమ్ములతో సహా తీసుకోవడం ఉత్తమం. బ్రేకులు పెద్దవైన మోడళ్లలో 19 అంగుళాలు పట్టవు, ముందే అడగాలి. ఇది వ్యాఖ్యాత సొంత మతం. డీలరు ఒప్పుకోడు, వాడి కమీషను 22లో ఉంది.

రెండవ పాదం మీద వ్యాఖ్య

ఇక్కడ ఒక శంక. మంచు ఉన్న రోజున పడవ లాగరు. పడవ లాగే రోజున మంచు ఉండదు. ఆ కొండల్లోని డిల్లన్ చెరువు సముద్రమట్టానికి 9,000 అడుగుల ఎత్తున ఉంటుంది, చలికాలంలో గడ్డకట్టి పడవను దగ్గరికి రానివ్వదు. అలాంటప్పుడు రెండు పాదాలకూ పొత్తు ఎలా కుదిరింది? సమాధానం పడవను నీళ్లలోకి దించే రేవు దగ్గర దొరుకుతుంది. అక్కడి కాంక్రీటు వాలు నీళ్లతో, పాచితో జారుడుగా ఉంటుంది. పడవను ట్రైలరు మీదికి ఎక్కించి బయటికి లాగేటప్పుడు రెండు చక్రాలే తిరిగే బండి అక్కడే గిరగిరలాడుతుంది. జూలైలో ఆల్ వీల్ డ్రైవ్ పుణ్యం దక్కేది ఆ ఇరవై అడుగుల వాలు మీద. కవి అనుభవజ్ఞుడే.

'లాగెడు బలము' కంపెనీలు అచ్చువేసే అంకె. ఇటీవలి మోడళ్లలో లెక్సస్ ఆర్ఎక్స్ 350కి 3,500 పౌండ్లు. వోల్వో ఎక్స్‌సీ90కి, ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న అక్యూరా ఎండీఎక్స్‌కు 5,000. బీఎండబ్ల్యూ ఎక్స్5కు 7,200. ఆరు సిలిండర్ల ఆడీ క్యూ7కు 7,700. లాండ్ రోవర్ డిఫెండర్ 110కి 8,200. లెక్సస్ జీఎక్స్ 550 అయితే 9,000 దాటుతుంది. ఇవన్నీ కంపెనీ హిచ్, దానితో వచ్చే వైరింగు, చల్లబరిచే ఏర్పాటు ఉంటేనే. బయట షాపులో ఇనుప హిచ్ బిగించినంత మాత్రాన అంకె పెరగదు.

ఆ అంకె ఏ కొండ మీద పుట్టిందో కూడా తెలియాలి. అమెరికాలో ఈ కొలతకు జే2807 అని ఒక ప్రమాణం ఉంది. ఎండాకాలంలో, ఏసీ పూర్తిగా తిప్పి, అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎక్కుడును లెక్కలోకి తీసుకుంటారు. ఆ ఎక్కుడు శిఖరం 3,500 అడుగులకు అటూ ఇటూ. కవిగారి ఐ-70 మీద 1973లో తెరిచిన ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగుల పైన ఉంది. టర్బో లేని ఇంజను ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు నూటికి మూడు వంతుల బలం పోగొట్టుకుంటుంది. ఎండీఎక్స్ 290 గుర్రాల్లో సొరంగం చేరేసరికి దాదాపు 90 గుర్రాలు దారిలోనే దిగిపోతాయి. టర్బో ఉన్నవాటికి ఈ బాధ చాలావరకు లేదు. డెన్వరు కవులు టర్బో వైపే మొగ్గాలి.

విద్యుత్ బండ్ల గురించి ఒక మాట చాలు. రివియన్ ఆర్1ఎస్ 7,700 పౌండ్లు లాగుతుంది, టెస్లా మోడల్ ఎక్స్ 5,000 లాగుతుంది. ట్రైలరు తగిలిస్తే వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. చార్జింగ్ దగ్గర చాలాచోట్ల పడవను విప్పి పక్కన పెట్టాలి, ఆ పని అత్తమామల ముందు చేయాలి.

మూడవ పాదం మీద వ్యాఖ్య

స్పష్టం. తోలు అంటే తోలని వాచ్యార్థం తీసుకోరాదు. మెర్సిడెస్‌లో చాలామందికి వచ్చేది ఎంబీ-టెక్స్ అనే కృత్రిమ పదార్థం. పిల్లలు సాంబారు పోసినా తుడిస్తే పోతుంది, అసలు తోలుకు ఆ ఓర్పు లేదు. వేడి సీటు కంటే వేడి స్టీరింగు మేలని వ్యాఖ్యాత అభిప్రాయం.

నాలుగవ పాదం మీద వ్యాఖ్య

పద్యానికి ప్రాణం ఇక్కడ ఉంది. 'తలుపుచీటి' స్థానంలో 'ధరలచీటి' అని పాఠాంతరం ఉంది, యతి చెడదు కూడా. అది షోరూము ప్రతుల్లో కనిపించే పాఠం. ధరలచీటి అంటే కొత్త బండి అద్దానికి అంటించే కాగితం. ఓక్లహోమా సెనేటరు మన్రోనీ పట్టుబట్టి 1958లో చట్టం చేయించాడు గనుక దాన్ని మన్రోనీ చీటి అంటారు. ఈ పాఠం గ్రాహ్యం కాదు. ధరలచీటిని చదవకుండా కొన్న తెలుగువాడు లేడు, ఒకటికి నాలుగుసార్లు చదివి, పక్క రాష్ట్రంలో ఉన్న బావమరిదికి ఫొటో పంపి మరీ కొంటాడు. జరగనిదాన్ని నిషేధించడం కవికి తగదు. తలుపుచీటినే ఎవరూ చూడరు.

ఆ చీటిలో ఏముంది? టైర్ల గాలి ఒత్తిడి, దాని పైన ఒక వాక్యం: ఎక్కినవాళ్ల బరువూ సామాను బరువూ కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదు. ఇది పేలోడ్. లాగే బలం ఒకటి, మోసే బలం ఒకటి. ట్రైలరు బరువులో దాదాపు పదో వంతు హిచ్ బంతి మీద కిందికి నొక్కుతుంది, దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఆ నొక్కుడు బండి మోస్తున్న బరువులో లెక్క. అది మరీ తగ్గించి పెడితే ట్రైలరు తోక ఊపుతుంది.

లెక్క వేద్దాం. ఏడు సీట్ల బండి, లాగే బలం 7,700 అని ప్రకటన. తలుపుచీటి మీద 1,200 పౌండ్లు అనుకుందాం. కవి, ఇంటావిడ కలిసి 310. అత్తమామలు 300. ఇద్దరు పిల్లలు 120. మొత్తం 730. పడవా ట్రైలరూ 5,000 పౌండ్లయితే టంగ్ వెయిట్ 500. 1,230 అయింది. పులిహోర గిన్నె ఇంకా ఎక్కలేదు, ఐసు పెట్టె ఎక్కలేదు, లైఫ్ జాకెట్లు ఎక్కలేదు. లాగే బలంలో ఇంకా 2,700 మిగిలి ఉండగానే మోసే బలం అయిపోయింది. గాలి సస్పెన్షను ఉంది కదా అంటారు. అది కుంగిన వెనుకభాగాన్ని లేపి చూపిస్తుంది, చీటి మీది అంకెను లేపదు.

ఇంకా విచిత్రం ఏమంటే, ఒకే మోడలు రెండు బండ్ల మీద రెండు వేరు అంకెలుంటాయి. విశాలమైన గాజు పైకప్పు, మూడో వరస సీట్లు, మసాజ్ సీట్లు, పెద్ద చక్రాలు, వీటి బరువంతా ఆ 1,200లోంచే కోసి ఇస్తారు. అంటే మూడో పాదం రెండో పాదాన్ని తింటోంది. ఆలంకారికులు దీన్ని విరోధాభాస అన్నారు. ఆభాస కాదు, అసలు విరోధమే.

నిర్ణయం

పడవ 5,000 పౌండ్లకు లోపు అయి, ఎక్కేది నలుగురే అయితే ఎక్స్5 గాని క్యూ7 గాని కంపెనీ హిచ్‌తో, చిన్న చక్రాలతో, తక్కువ హంగులతో చాలు. అంతకు మించితే డిఫెండరో జీఎక్స్ 550నో. ఏదైనా, నచ్చిన రంగు బండి దగ్గరికి వెళ్లి, సేల్స్ కుర్రాడు కాఫీ తెచ్చేలోగా తలుపు తీసి ఆ ఒక్క బండి చీటి చదవాలి. పక్క బండి చీటి పనికిరాదు.

చివరి శంక

కవికి అసలు పడవ ఉందా? 'పడవ వెనుగట్టి' అన్నాడు గాని 'నా పడవ' అనలేదు. కాలనీ సంఘం నియమావళి చూస్తే డెన్వరు శివార్లలో చాలాచోట్ల ఇంటి ముందు పడవ గాని ట్రైలరు గాని నిలిపి ఉంచడం నిషేధం. ఊరవతల నెలకింత అని కట్టి ఉంచాలి. కవి ఏ స్టోరేజీకీ డబ్బు కట్టిన దాఖలా లేదు. డిల్లన్ రేవులో పాంటూన్ పడవలు గంటల లెక్కన అద్దెకిస్తారని మాత్రం అందరికీ తెలుసు. అలా అయితే రెండో పాదం కోసం నెలనెలా కడుతున్న అదనపు వాయిదా ఏ ఖాతాలో రాయాలని ఇంటావిడ అడిగిందట. ఆ ప్రశ్నకు కవి జవాబుగా రాసిన పద్యం ప్రతుల్లో దొరకడం లేదు.